పండగ సంపాదన, జూన్ ఫీజు

2018లో రంజాన్ పండగ మన దగ్గర జూన్ 16న వచ్చింది. 2025లో మార్చి 31నే వచ్చేసింది. ఏడేళ్లలో పండగ రెండున్నర నెలలు ముందుకు జరిగింది. కాలేజీల్లో చేరే కాలం మాత్రం అప్పుడూ ఇప్పుడూ జూన్, జూలైలే. బయటివాళ్లకు ఇది పంచాంగం విషయంలా కనపడుతుంది. హైదరాబాద్ పాతబస్తీలో చదువుకునే పిల్లల పొదుపు గురించి మాట్లాడాలంటే మాత్రం ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఆ పిల్లల్లో చాలామందికి సొంతంగా డబ్బు చేతికొచ్చేది నెల మొదటి తారీఖున కాదు, సీజన్‌లో. రంజాన్ నెలలో లాడ్‌బజార్, పత్తర్‌గట్టి, మదీనా చౌరస్తా రాత్రి తెల్లవార్లూ మేలుకునే ఉంటాయి. గాజుల కొట్లకు, బట్టల దుకాణాలకు, హలీం బట్టీలకు అదనపు మనుషులు కావాలి. ఇంటర్, డిగ్రీ పిల్లలు ఆ నెల్లాళ్లు పనికి కుదురుతారు. పండగ రోజున పెద్దలిచ్చే ఈదీ దానికి తోడు. ఏడాది మొత్తంలో ఒక విద్యార్థి తన డబ్బు అని చెప్పుకోగలిగిన మొత్తంలో పెద్ద వంతు ఆ కొద్ది వారాల్లోనే వస్తుంది. 2018లో ఆ డబ్బు చేతికందిన వారానికే ఫీజు గడువు వచ్చింది, డబ్బు నేరుగా కాలేజీకి పోయింది. ఇప్పుడు మధ్యలో వేసవి మొత్తం ఉంది. హిజ్రీ సంవత్సరం ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది కనుక ఈ ఎడం ఇంకా పెరుగుతుంది. 2030లో రంజాన్ నెల జనవరి మొదటి వారంలో మొదలవుతుంది. పండగ ఫిబ్రవరి మొదట్లో, ఫీజు జూన్‌లో.

ముస్లిం ఇళ్లకే పరిమితమైన సంగతి కాదిది. ధూల్‌పేటలో సంక్రాంతికి పతంగులు, వినాయక చవితికి విగ్రహాలు, అందాకా రాఖీలు తయారవుతాయి. ఇంట్లో పిల్లలు కూడా చేయి వేస్తారు. లాల్‌దర్వాజ బోనాల వారంలో అలంకరణ, డప్పులు, దుకాణాల పని. లక్క గాజులకు రాళ్లు అద్దే పని, మగ్గం వర్కు పెళ్లిళ్ల సీజన్‌లో పెరుగుతాయి, తర్వాత పడిపోతాయి. తెలుగు పంచాంగంలో అధికమాసం వచ్చి పండగలను ఋతువుకు కట్టి ఉంచుతుంది కాబట్టి విగ్రహాలు చేసేవాళ్ల పిల్లల లెక్క ఏటా దాదాపు ఒకేలా ఉంటుంది. హిజ్రీకి ఆ సర్దుబాటు లేదు. ఒకే నగరంలో, ఒకే కాలేజీలో, పక్కపక్క బెంచీల్లో కూర్చునే ఇద్దరి డబ్బుకు రెండు వేరువేరు కాలెండర్లున్నాయి. ఫీజుకు మాత్రం ఒకటే.

కాబట్టి పాతబస్తీ విద్యార్థికి పొదుపంటే ఖర్చు తగ్గించుకోవడం కంటే ముందు డబ్బును ఒక నెల నుంచి మరో నెలకు చెక్కుచెదరకుండా మోసుకెళ్లడం. నాలుగు నెలలు కురిసే వానను పన్నెండు నెలలకు సర్దుకోవడానికే కదా ఈ నగరం రెండు వందల ఏళ్ల కిందట మీర్ ఆలం చెరువు కట్టుకుంది. ఇప్పుడు విద్యార్థులకు అందుతున్న సలహాలన్నీ జీతగాళ్ల ఇళ్లకోసం తయారైనవి. ఆదాయంలో యాభై శాతం అవసరాలకు, ముప్పై సరదాలకు, ఇరవై పొదుపుకు అంటారు. నెలనెలా ఆదాయం ఉన్నవాడికి ఆ లెక్క పనికొస్తుంది. ఫిబ్రవరిలో ఏమీ లేక, మార్చిలో కొన్ని వేలు చూసి, మేలో మళ్లీ ఖాళీ అయ్యే కుర్రాడికి ఏ నెలలో ఇరవై శాతం తీయమంటారు? సలహాలిచ్చేవాళ్లకు ఇష్టమైన ఇంకో మాట చాయ్ మానేయమని. ఇరవై రూపాయల ఇరానీ చాయ్ రోజూ మానేస్తే ఏడాదికి ఏడు వేల మూడు వందలని లెక్క కడతారు. లెక్క తప్పు కాదు. కానీ హోటల్లో ఆ చాయ్ చుట్టూ కూర్చునే నలుగురే వాడికి అవసరమైనప్పుడు వడ్డీ లేకుండా అయిదు వందలు చేబదులిచ్చేవాళ్లు. ఆ బల్ల దగ్గర నుంచి వాణ్ని లేపేసి, ఆదా చేశాడని మెచ్చుకోవడంలో తెలివేమీ లేదు.

ఉపదేశంతో పొదుపు అలవడుతుందన్న నమ్మకం మనకు ఎక్కువ. బడిలో ఒక పాఠం, కాలేజీలో ఒక వర్క్‌షాప్, గోడమీద ఒక పోస్టరు. 2014లో ఫెర్నాండెస్, లించ్, నెటెమేయర్ అనే ముగ్గురు పరిశోధకులు ఆర్థిక అక్షరాస్యత మీద అంతకుముందు వచ్చిన 201 అధ్యయనాలను కలిపి చూశారు. మనుషుల డబ్బు వ్యవహారాల్లో కనిపించే తేడాల్లో అలాంటి పాఠాలు వివరించగలిగింది 0.1 శాతమేనని తేల్చారు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లలో ప్రభావం ఇంకా తక్కువ. తర్వాత వచ్చిన కొన్ని సమీక్షలు ఇంత నిరాశగా లేవు, పాఠాలు కొంత మేలు చేస్తాయనే అన్నాయి. అయినా మూల విషయం మారదు. డబ్బు దాచుకోవడం మంచిదని తెలియక దాచుకోని విద్యార్థి అరుదు. తెలిసీ దాచలేకపోవడానికి కారణం ఎక్కడ దాచాలన్నది. ఇద్దరు ముగ్గురు తోబుట్టువులు ఒకే గదిలో పడుకునే ఇంట్లో, ఎవరి బీరువా వాళ్లకు లేని ఇంట్లో, నోట్ల మడత మూడు నెలలు నిలవడమే కష్టం.

ఈ విషయంలో కెన్యా నుంచి వచ్చిన ఒక ఫలితం మనకు బాగా పనికొస్తుంది. ఆ దేశపు పశ్చిమ ప్రాంతంలో, మన చిట్టీల్లాంటి సంఘాల్లో ఉన్నవాళ్లకు పాస్కలిన్ దుపా, జొనాథన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్తలు ఒక ఇనప డబ్బా ఇచ్చారు. తాళం ఉంది, చెవి వాళ్ల చేతిలోనే ఉంది. మన తెలంగాణ ఇళ్లలో పిల్లల డిబ్బి ఎలా ఉంటుందో అలాంటిదే. ఆరోగ్యం కోసం దాచుకోండి అన్నారు, అంతే. 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా కొనే వస్తువుల మీద వాళ్ల ఖర్చు 66 నుంచి 75 శాతం పెరిగింది. వడ్డీ లేదు, బహుమతి లేదు. ఇదే ప్రయోగంలో ఇంకో గుంపుకు చెవి తమ దగ్గర లేని డబ్బా ఇచ్చారు. అది సగటున ఏ మార్పూ తేలేదు. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. డబ్బాలో పడ్డ డబ్బుకు ఒక పేరు వచ్చింది. చుట్టం వచ్చి అడిగితే, ఇంట్లో చిన్న అవసరం పడితే, అది దానికోసం పెట్టింది అని చెప్పడానికి ఒక సాకు దొరికింది. అదే డబ్బు జేబులో ఉంటే అడిగినవాడికి లేదనడం మనకు చేతకాదు.

ఉగాండాలోనైతే పరీక్ష విద్యార్థుల మీదే జరిగింది. డీన్ కార్లన్, లీ లిండెన్ అనే పరిశోధకులు 136 ప్రాథమిక పాఠశాలల్లో పొదుపు పథకం నడిపి చూశారు. కొన్ని బడుల్లో పిల్లలు దాచుకున్నది తర్వాత నగదుగా తిరిగి ఇచ్చారు. కొన్నిట్లో పుస్తకాలు, బట్టలు మాత్రమే కొనుక్కోగల కూపన్లుగా ఇచ్చారు. కట్టుబాటు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనే లెక్క ప్రకారం రెండోది గెలవాలి. గెలిచింది మొదటిది. నగదు వస్తుందన్న చోట పిల్లలు ఎక్కువ దాచుకున్నారు. తల్లిదండ్రులతో కూడా మాట్లాడిన బడుల్లో ఆ డబ్బుతో చదువు సామాను కొన్నారు, పరీక్షల్లో మార్కులూ కాస్త పెరిగాయి. దాచిన చోటు చేతికి మరీ అందుబాటులో ఉండకూడదు, మరీ అందకుండానూ ఉండకూడదు. కెన్యా డబ్బా చెప్పిందీ ఇదే.

ఈ కొలతతో చూస్తే మన దగ్గర విద్యార్థికి ఎక్కువగా సిఫారసు చేసే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ ఈ అవసరానికి సరిపోదు. నెలకు 100 రూపాయలతో తెరవవచ్చు, వడ్డీ సేవింగ్స్ ఖాతా కంటే మేలు. నిజమే. కానీ అది అయిదేళ్ల ఒప్పందం, మూడేళ్లు దాటితే గానీ మధ్యలో మూయనివ్వరు. పైగా ప్రతి నెలా కట్టాలి, నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. సీజన్ సంపాదనకు ఇది ఎక్కడా అతకదు. అదే పోస్టాఫీసులో మామూలు సేవింగ్స్ ఖాతా 500 రూపాయలతో తెరుచుకుంటుంది. బ్యాంకుల్లో కనీస నిల్వ అక్కర్లేని ప్రాథమిక పొదుపు ఖాతా 2012 నుంచి ప్రతి పౌరుడికీ హక్కుగా ఉంది, జన్‌ధన్ ఖాతాలు కూడా ఆ కోవలోవే. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2014లోనే అనుమతించింది. 2025 ఏప్రిల్‌లో ఆ నిబంధనలను మళ్లీ సవరించి, జూలై 1 నాటికి అమలుకు సిద్ధం కమ్మని బ్యాంకులకు చెప్పింది. అంటే తొమ్మిదో తరగతి పిల్లవాడికి కూడా తన పేరుతో, తన సంతకంతో ఖాతా ఉండవచ్చు. ఆ ఖాతాకు ఫోన్‌పే, గూగుల్‌పే తగిలించకపోవడం ఒక్కటే జాగ్రత్త. రోజువారీ ఖర్చుకు యూపీఐ ఉన్న ఖాతా ఒకటి, ఫీజు కోసం యూపీఐ లేని ఖాతా ఒకటి. డబ్బు తియ్యాలంటే బ్యాంకు దాకానో ఏటీఎం దాకానో నడవాలి. అత్యవసరానికి ఆ నడక అడ్డం కాదు. రాత్రి పదకొండింటికి ఫోన్లో కనిపించే సేల్‌కు మాత్రం బాగానే అడ్డం.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది, అది బలమైనదే. పాతబస్తీలో సమస్య పొదుపు లేకపోవడం కాదు, ఆదాయం లేకపోవడం. బీదవాడికి పొదుపు బోధించడం అవమానం. పైగా ప్రభుత్వమే ఇవ్వాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏళ్ల తరబడి బకాయి పడుతుంటే, ఆ భారాన్ని విద్యార్థి డిబ్బి మీద వేస్తారా? ఈ మాటలో రెండో సగాన్ని ఒప్పుకోవాల్సిందే. రీయింబర్స్‌మెంట్ బకాయిలు వేల కోట్లకు చేరి, 2025లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు మూతపెట్టి నిరసన తెలిపే దాకా వెళ్లింది. సర్కారు డబ్బు రాలేదని కాలేజీ విద్యార్థిని పట్టుకుంటుంది, సర్టిఫికెట్లు ఆపుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పినా ఇదే జరుగుతోంది. ఎంత పొదుపు చేసినా ఈ అన్యాయం తీరదు, తీరుతుందని చెప్పేవాళ్లు మోసం చేస్తున్నట్టే. కానీ ఆక్షేపణలో మొదటి సగం, అంటే ఆదాయం తక్కువైతే పొదుపు కుదరదన్నది, నిజం కాదు. ఆదాయం ఎగుడుదిగుడుగా ఉన్న ఇంటికే పొదుపు ఎక్కువ కావాలి. జీతం పడేవాడు ఒక నెల ఏమీ మిగల్చకపోయినా వచ్చే నెల ఒకటిన మళ్లీ మొదలుపెట్టవచ్చు. మార్చి డబ్బు జూన్‌లో ఉండకపోతే గాజుల కొట్లో పనిచేసిన పిల్లకు ఆ ఏడాదికి రెండో అవకాశం లేదు.

ఆ డబ్బు లేకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. గిర్వీ దుకాణం, లేకపోతే గల్లీ ఫైనాన్స్. ఈ నగరానికి అప్పు కొత్తేమీ కాదనుకోండి, 19వ శతాబ్దం మొదట్లో పామర్ కంపెనీ నిజాం సర్కారుకే అప్పులిచ్చి మెడకు ఉరి బిగించిన చరిత్ర మనది. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదన్న తెలంగాణ ప్రాంత చట్టం 1349 ఫసలీ నాటిది, అంటే నిజాం కాలపు 1940 ప్రాంతంలోనే ఉంది. చట్టం ఉంది, వ్యాపారమూ ఉంది. అయిదు రూపాయల వడ్డీకి 8,000 తెచ్చి ఫీజు కడితే నెలకు 400 వడ్డీకే పోతుంది. పది రూపాయల వడ్డీ అయితే 800. ఇప్పుడు దీనికి తోడు ఫోన్లో రెండు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు వచ్చాయి. 2020 డిసెంబరులో అప్పు తీసుకున్నవాళ్లు వేధింపులకు ప్రాణాలు తీసుకున్నాక, హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఈ యాప్‌ల కాల్‌సెంటర్ల మీద దాడులు చేశారు. 2021లో రిజర్వ్ బ్యాంకు కమిటీ లెక్కలో దేశంలో దొరికిన 1,100 దాకా రుణ యాప్‌లలో 600 అక్రమమైనవని తేలింది. విద్యార్థి చేతిలో నిలవాల్సిన మొత్తం లక్షలు కాదు. ఫీజు వారంలో ఈ తలుపులేవీ తట్టకుండా ఉండేందుకు సరిపడా ఎనిమిది వేలు ఉంటే చాలు. పొదుపును దాని మీద వచ్చే లాభంతో కొలిచేవాళ్లు ఈ లెక్క వదిలేస్తారు. ఇక్కడ లాభం తప్పించుకున్న వడ్డీయే.

వడ్డీ మాట వచ్చింది కనుక పాతబస్తీలో తప్పక వినిపించే రెండో ఆక్షేపణ: బ్యాంకులో పెడితే సూద్ వస్తుంది, అది మాకు హరామ్. దీన్ని వెనకబాటుతనంగా కొట్టిపారేసే వ్యాసాలు చాలా వచ్చాయి. వాటివల్ల ఒక్కరూ ఖాతా తెరిచినట్టు కనపడదు. విశ్వాసాన్ని విశ్వాసంగా తీసుకునే మాట్లాడదాం. 8,000 రూపాయలు మూడు నెలలు సేవింగ్స్ ఖాతాలో ఉంటే, ఇప్పుడు పెద్ద బ్యాంకులిస్తున్న రెండున్నర శాతం లెక్కన వచ్చే వడ్డీ 50 రూపాయలు. ఆ యాభైని తాము వాడుకోకుండా, పుణ్యం ఆశించకుండా ఎవరైనా లేనివాళ్లకు ఇచ్చేసే పద్ధతి ఎన్నో ముస్లిం కుటుంబాల్లో ముందు నుంచీ ఉంది. ఈ యాభై రూపాయలు పుచ్చుకోవడానికి వెనకాడి ఖాతానే తెరవకపోతే, ఆ తర్వాత ఫీజు కోసం నెలకు 400 సూద్ కట్టాల్సి వస్తుంది. ధర్మం దృష్టితో చూసినా ఏది బరువైన తప్పో ఇంట్లోవాళ్లే ఆలోచించుకోవచ్చు. పైగా వడ్డీ లేని లావాదేవీకి ఈ నగరంలో గొప్ప వారసత్వమే ఉంది. హైదరాబాద్‌లో 1908లో పుట్టి ప్రపంచ ప్రసిద్ధుడైన పండితుడు ముహమ్మద్ హమీదుల్లా, 19వ శతాబ్దం చివరి నుంచే ఇక్కడ నడిచిన వడ్డీలేని రుణ సంఘాల గురించి రాశారు. సభ్యులు చిన్నచిన్న మొత్తాలు వేసుకోవడం, అవసరమున్నవాడు అసలు మాత్రమే తిరిగి కట్టడం వాటి పద్ధతి. అలాంటి సంఘం నమ్మకంగా నడుస్తున్న చోట విద్యార్థి అందులో దాచుకుంటే బ్యాంకు కంటే తక్కువేమీ కాదు.

అయితే సూద్ భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్లూ ఈ గల్లీల్లోనే తిరుగుతారు. వడ్డీ కాదు, వ్యాపారంలో వాటా, హలాల్ లాభం అంటూ బ్యాంకు కంటే ఎన్నో రెట్లు ఇస్తామంటారు. బంగారం వ్యాపారం పేరుతో దేశమంతటా డిపాజిట్లు సేకరించిన హీరా గ్రూపు అధినేతను మోసం ఆరోపణల మీద హైదరాబాద్ పోలీసులు 2018 అక్టోబరులో అరెస్టు చేసినప్పుడు, డబ్బు పెట్టినవాళ్లలో పాతబస్తీ కుటుంబాలూ ఉన్నాయి. బ్యాంకు అంటే అపనమ్మకం కూడా ఊరికే రాలేదు. 2001లో కృషి బ్యాంకు, ఆ రోజుల్లోనే చార్మినార్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కుప్పకూలినప్పుడు డిపాజిటర్లు ఎలా తిరిగారో పెద్దలకు గుర్తుంది. వాళ్ల మాట పిల్లలు వింటారు, వినాలి కూడా. కానీ ఒకటి మారింది. ఒక బ్యాంకులో ఒక మనిషి డిపాజిట్‌కు అప్పుడు లక్ష రూపాయల దాకానే బీమా. 2020 ఫిబ్రవరి నుంచి అది అయిదు లక్షలు. విద్యార్థి దాచుకునే ఎనిమిది పది వేలకు అది సరిపోయి మిగులుతుంది. హలాల్ లాభం పథకాలకు ఈ బీమా లేదు.

ఇంకో వాదం ఈ మధ్య కాలేజీ పిల్లల నోటే వినపడుతోంది. ధరలు పెరుగుతుంటే సేవింగ్స్ ఖాతాలో డబ్బు కరిగిపోతుంది, షేర్లలో పెడితే పెరుగుతుంది కదా అని. పదేళ్ల తర్వాతి అవసరానికి ఆ మాట సబబే కావచ్చు. జూన్ ఫీజుకు ఏప్రిల్‌లో పెట్టే పెట్టుబడికి కాదు. రీల్స్‌లో చూసి పిల్లలు దిగేది కూడా నిదానంగా పెరిగే షేర్లలో కాదు, ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో. సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన లెక్కల్లో, మూడేళ్లలో ఆ వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందులో ముప్పై ఏళ్లలోపు వాళ్ల వాటా ఒక్క ఏడాదిలో 31 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. మూడు నెలల్లో ధరల పెరుగుదల ఎనిమిది వేలలో తినేది నూరో నూటయాభయ్యో. దాన్ని తప్పించుకోవడానికి మొత్తాన్ని పందెం పెట్టడం ఏం లెక్కో అర్థం కాదు.

అన్నిటికంటే గట్టి చిక్కు ఇంట్లోనే ఉంది. పిల్లలు దాచుకున్నది ఇంటి అవసరానికి వాడేస్తారు. అమ్మాయిలదైతే ముందు వాడతారు. తండ్రి ఆటో రిపేరుకో, చెల్లి జ్వరానికో ఆ డబ్బు పోతే ఎవరినీ తప్పుపట్టలేం, కుటుంబం అంటే అదే. కానీ ప్రతిసారీ పోయే డబ్బే ఆమెదైతే మూడోసారికి దాచడమే మానేస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆర్టీసీ బస్సులో ఆడపిల్లలకు టికెట్ లేదు. ఫలక్‌నుమా నుంచో చాంద్రాయణగుట్ట నుంచో రోజూ కాలేజీకి వచ్చే అమ్మాయికి అది నెలనెలా మిగిలే డబ్బు. సీజన్‌తో పనిలేకుండా వచ్చే మిగులు ఇదొక్కటే, ఇంట్లో మాట్లాడుకుని దాన్నయినా ఆమె ఖాతాకు వదిలిపెట్టగలిగితే ఏడాది తిరిగేసరికి పరీక్ష ఫీజు అదే కడుతుంది. ఉగాండా బడుల్లో తల్లిదండ్రులతో మాట్లాడినచోటే ఫలితం వచ్చిందన్న సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

ఒంటరిగా నిలబెట్టుకోలేని అలవాటును గుంపుగా నిలబెట్టుకోవచ్చని తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, ఆ జిల్లా మహిళలు పొదుపులక్ష్మి పేరుతో రోజుకు ఒక్క రూపాయి దాచారు. నెలకు ముప్పై. ఈనాటి స్వయం సహాయక సంఘాల వరసకు అది తొలి మెట్లలో ఒకటి. రూపాయి పెద్దదై కాదు, పదిమంది ముందు వెయ్యాలి కనుక అది నిలబడింది. కాలేజీలో అయిదారుగురు స్నేహితులు ఇదే పని చేయవచ్చు, ఒక్క తేడాతో. డబ్బు ఒకచోట కలపకూడదు. రిజిస్టర్ కాని చిట్టీ నడపడం 1982 చట్టం ప్రకారం నేరం, పైగా లెక్క తేడా వస్తే స్నేహం పోతుంది. ఎవరి ఖాతా వాళ్లది, వారానికోసారి ఎంత వేశామో ఒకరికొకరు చూపించుకోవడం మాత్రమే ఉమ్మడిది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. 1866లో బెల్జియంలోని గెంట్‌లో ఫ్రాన్స్వా లోరాఁ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు బడుల్లో పొదుపు మొదలుపెట్టించినప్పుడు పిల్లలు తరగతి గదిలో, తోటివాళ్ల ముందే చిల్లర డబ్బులు అందించేవాళ్లు. మన బడుల్లో ఒకప్పుడు నడిచిన సంచయిక పొదుపు బ్యాంకులు ఆ ఆలోచనకు దూరపు బంధువులే. పిల్లలే లెక్కలు రాసుకునేవాళ్లు. వాటిని ఎందుకు వదిలేశామో విద్యాశాఖ ఒకసారి ఆలోచించుకోవాలి.

కనుక అడగాల్సింది పిల్లల్ని మాత్రమే కాదు. ఫీజును రెండు మూడు వాయిదాల్లో తీసుకుంటే, మొదటి వాయిదా ఏప్రిల్‌లోనే కట్టగలిగే పిల్లలు ఎందరో ఉంటారు. డబ్బు ఉన్నప్పుడు తీసుకోవడానికి కాలేజీలకు వచ్చిన ఇబ్బందేమిటో చెప్పాలి. ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ విడుదలకు తేదీ ప్రకటించి దానికి కట్టుబడాలి. నయాపూల్ దగ్గర సిటీ కాలేజీ, హుస్సేనీ ఆలం మహిళా డిగ్రీ కాలేజీ, ఫలక్‌నుమా డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, చుట్టుపక్కల బ్యాంకు శాఖల మేనేజర్లకు ఒక మనవి. రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెలలో రెండు రోజులు కాలేజీ వరండాలో ఒక బల్ల వేయించండి. ఆధార్ నకలు, రెండు ఫొటోలు తెచ్చిన ప్రతి విద్యార్థికీ అక్కడే కనీస నిల్వ అక్కర్లేని ఖాతా తెరవండి. పండగైన మరుసటి వారం మళ్లీ వచ్చి అదే బల్ల దగ్గర డిపాజిట్లు తీసుకోండి. క్రెడిట్ కార్డు ఫారాలు మాత్రం శాఖలోనే వదిలేసి రండి.